జవాబు ఇన్‌బాక్స్‌లోకి పోతే ఇక గ్రూపు ఎందుకు?

ఎండలు ముదిరాయంటే చాలు, హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు కాలనీల ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: "మా బోరు ఎండిపోయింది, సమయానికి వచ్చే ట్యాంకర్ వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి." కాసేపట్లోనే దాని కింద చేరే కామెంట్లూ ఏటా ఒకటే తీరు. "ఇన్‌బాక్స్ చూసుకోండి సర్", "పర్సనల్‌గా పంపాను బ్రదర్", "నాకూ కావాలి", "ఫాలోయింగ్". ఆ మాత్రం కూడా రాయలేక ఒక చుక్క పెట్టి పోయేవారు మరికొందరు. వేలమంది చదివే చోట అడిగిన ప్రశ్నకు జవాబు ఇద్దరి మధ్యే ముగిసిపోతుంది. వారం తిరక్కుండా పక్క వీధి నుంచి ఇంకొకరు అదే ప్రశ్నతో వస్తారు, పాత సభ్యులొకరు "ఇదివరకే చర్చించాం, వెతుక్కోండి" అని విసుక్కుంటారు. వెతికితే దొరికేవి చుక్కలే.

గ్రూపులను పాడు చేస్తున్నవి గొడవలు, ఫార్వర్డులు అని చాలామంది అంటారు. పుకార్లు ప్రాణాలు తీసిన తర్వాతే 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి 5 చాట్‌లకు మించి ఫార్వర్డు చేయకుండా కట్టడి పెట్టింది కాబట్టి ఆ ప్రమాదాన్ని నేను తక్కువ చేయను. అయితే చెత్తను అడ్మిన్ తీసేయగలరు. అసలు బయటికే రాని జవాబును ఏ అడ్మినూ తెచ్చిపెట్టలేరు.

ఈ తలనొప్పి మన తరంతో మొదలైంది కాదు. 1980లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆరంభమైన యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చాబృందాల్లో అడిగిందే మళ్లీ అడుగుతుంటే, పాతవాళ్లు తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట కూర్చి క్రమం తప్పకుండా పెడుతూ ఉండేవారు. ఆర్‌ఎఫ్‌సీ 1855 అన్న పేరుతో 1995 అక్టోబరులో వెలువడిన నెట్ మర్యాదల పత్రం, కొత్తగా చేరినవారు ఒకటి రెండు నెలలు చదివాకే రాయడం మొదలుపెట్టాలని చెప్పింది. అంత ఓపిక ఈ రోజుల్లో ఎవరికీ ఉండదు, పోనివ్వండి. కానీ అదే పత్రంలో ఇంకో నియమం ఉంది: ప్రశ్న అడిగినవారు తమకు అందిన జవాబుల సారాన్ని తప్పకుండా అందరి ముందూ పెట్టాలి, అదీ వచ్చిన సందేశాలన్నీ కుప్ప పోయకుండా నిజంగా క్లుప్తం చేసి. అంటే జవాబు విడిగా పుచ్చుకున్నా ఫరవాలేదు, తిరిగి వచ్చి చెప్పడం మాత్రం అడిగినవారి బాధ్యత. మనం వదిలేసింది సరిగ్గా ఈ సగాన్నే.

ఆ సగం ఎంత పనికొస్తుందో మా గ్రూపులోనే చూశాను. హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనప్పుడు, క్యాన్ నంబరుకు, అంటే నీటి కనెక్షన్ ఖాతా నంబరుకు, ఆధార్ జతచేయడం, మీటరు పనిచేస్తూ ఉండటం వంటి షరతులు అపార్ట్‌మెంట్ల వారిని బాగా తికమక పెట్టాయి. మా గ్రూపులో ఒకావిడ ముందుగా తన సందేహం అడిగి, పని పూర్తయ్యాక మళ్లీ వచ్చి, ఏ కాగితం ఎక్కడ అడిగారో, ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో, చివరికి ఎలా తెమిలిందో వరుసగా రాశారు. ఆ తర్వాత ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆవిడ పోస్టు లింకు ఇస్తే సరిపోయింది. పని కాగానే పోస్టు డిలీట్ చేసి, దానితోపాటు జవాబిచ్చినవారి శ్రమను కూడా తుడిచేసేవారిని చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తుకొస్తారు.

జవాబిచ్చేవారు ఇన్‌బాక్స్‌లోకి ఎందుకు తప్పుకుంటారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు పూర్తిగా వాళ్లది కాదు. నలుగురిలో ఒక రేటు చెప్పారంటే "అంతా? మిమ్మల్ని బాగా ముంచారు" అని ఒకరు, "మీకు కమీషన్ ఎంత?" అని ఇంకొకరు మీద పడతారు. ఒక్కసారి ఆ మాట పడ్డ మనిషి రెండోసారి నోరు విప్పడు. అందుకే ఇష్టపడి సమాచారం ఇచ్చినవారిని అనుమానించే ముందు, మీ దగ్గర అంతకంటే మంచి రేటు ఉంటే అది రాయండి, లేకపోతే ఊరుకోండి.

అడగడంలోనూ కాస్త పద్ధతి ఉండాలి. "మంచి ప్లంబర్ చెప్పండి" అంటే వచ్చేవి పేర్లే. ఏ ఏరియా, ఏం పని, ఇప్పటికే ఏం చేయించి చూశారు అన్నవి రాస్తే, ఆ పని తెలిసినవారు ఆగి చదువుతారు. జబ్బుల సంగతులు, ఒకరి సొంత ఫోన్ నంబరు వంటివి విడిగా పంపుకోవలసిందే, అందులో నాకు పేచీ లేదు. నీళ్ల ట్యాంకర్ రేటులో దాచవలసిన రహస్యం ఏముందో మాత్రం నాకు అంతుపట్టదు.

"ఇన్‌బాక్స్ చూడండి" అన్న కామెంట్లను తీసేసి, అడిగినవారు ఫలితం రాసేదాకా ఆ పోస్టును పైన పిన్ చేసి ఉంచమని మా అడ్మిన్‌గారిని కోరాను. ఆలోచించి చెప్తానన్నారు, అదీ ఇన్‌బాక్స్‌లోనే.