వెలుగుకు ఒక వాలు

"సిలికాన్ కన్నా మంచి రకం వస్తోందట, ఆగుదాం" అని పర్లాకిమిడిలో కొందరు డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకోవడం వాయిదా వేస్తున్నారు. ఆగొద్దనే నా మాట. అలాగని ఆ కొత్త దారిని, అంటే స్ఫటికం లోపలి అమరికే వెలుగును కరెంటుగా మార్చే పద్ధతిని, తీసిపారేయడానికీ లేదు.

మా ఊరి కప్పులనే చూడండి. నడిమి దూలానికి అటూ ఇటూ వాలిన పెంకుటింటి మీద వాన పడితే నీళ్లు చెరిసగం రెండు చూరులకూ పోతాయి. గోడకు ఆనించి ఒకే వైపు వాల్చిన పంచ మీద పడితే అన్నీ ఒక పక్కకే. సిలికాన్ స్ఫటికం పెంకుటిల్లు లాంటిది. వెలుగు తగిలి ఎలక్ట్రాన్లు లేచినా కుడికెన్నో ఎడమకూ అన్నే, కరెంటు సున్నా. అందుకే రెండు రకాల సిలికాన్‌ను కలిపి, ఆ అతుకు దగ్గర విద్యుత్ క్షేత్రం ఏర్పడేలా చేస్తారు. ఆ వాలు మనం కట్టింది.

బేరియం టైటనేట్ అనే స్ఫటికానికి ఆ వాలు పుట్టుకతోనే ఉంది. మామూలు వేడిమిలో అందులోని టైటానియం తన గూటి నడిమధ్య ఉండదు, రవ్వంత పక్కకు జరిగి ఉంటుంది. అతుకు లేకుండానే వెలుతురులో కరెంటు పుట్టడానికి అదే చాలు. 1956లోనే దీన్ని గమనించారు. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటించండి, స్ఫటికం అమరిక మారి ఆ గుణం పోతుంది.

పంచ పోలిక ఇక్కడిదాకానే. నిజానికి ఎలక్ట్రాన్ జారదు. వెలుగును మింగిన క్షణంలోనే దాని మేఘం (అది ఉండగల చోటంతా) నడిబొడ్డు ఒక పక్కకు తప్పుకుంటుంది. దీన్ని షిఫ్ట్ కరెంట్ అంటారు. 1981లో బాల్ట్స్, క్రౌట్ అనే శాస్త్రవేత్తలు దీనికి క్వాంటం సిద్ధాంతం రాశారు. నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా తోచేది ఈ ముక్కే.

ఒకే అతుకున్న సెల్ తన మీద పడ్డ ఎండలో ఎంత వంతును కరెంటుగా మార్చగలదో షాక్లీ, క్వీసర్ అనే శాస్త్రవేత్తలు 1961లో చూపిన హద్దు ఇప్పటి లెక్కల్లో 33 శాతం దగ్గర ఉంది. బేరియం టైటనేట్ లాంటి అసౌష్ఠవ (రెండు పక్కలా ఒకేలా లేని) పదార్థాలు దాన్ని దాటేస్తాయన్న ఆశకు ఆధారం వాటి వోల్టేజీ. అది నిజంగానే చాలా ఎక్కువ రాగలదు. కానీ పవర్ అంటే వోల్టేజీ, కరెంటుల గుణకారం. వీటిలో కరెంటు అత్యల్పం. బేరియం టైటనేట్ అతినీలలోహిత కాంతినే పట్టుకుంటుంది, మన కంటికి కనిపించే ఎండను వదిలేస్తుంది. దాంతో మన ఫ్యాను తిరగదు.

నా ఆశ 2019 నాటి ఒక పని మీద ఉంది. టంగ్‌స్టన్, గంధకం కలిసిన టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ పలుచని పొరను గొట్టంలా చుట్టినప్పుడు దాని సౌష్ఠవం ఇంకా తగ్గి, కరెంటు బాగా పెరిగింది. కొత్త ఖనిజం కోసం వెతుకులాట కన్నా, ఉన్న పొరను ఎలా చుట్టాలి, ఎలా వంచాలి అన్నదాని మీదే ప్రభుత్వ పరిశోధన డబ్బు పెట్టాలి.