సంతకానికి ముందే చూడాలి

ఇంజిన్ సాఫీగా నడుస్తుందని 1920లలో పెట్రోలులో సీసం కలపడం మొదలుపెట్టారు. అది విషమని వైద్య నిపుణులు అప్పుడే హెచ్చరించారు. అయినా ప్రపంచంలో చిట్టచివరి దేశం కార్ల పెట్రోలులో సీసాన్ని మానేసేసరికి 2021 వచ్చింది. ఈలోగా పిల్లల మెదళ్లకు జరిగిన నష్టాన్ని ఏ ఆస్పత్రీ పూడ్చలేకపోయింది. ఇంధన ప్రమాణాలు మారాకే వాళ్ల రక్తంలో సీసం తగ్గింది. ఆ నిర్ణయం తీసుకోవాల్సిన ఫైలు ఆరోగ్య శాఖ బల్ల మీద లేదు.

ఇప్పటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. గాలి కాలుష్యం వల్ల ఏటా దాదాపు 70 లక్షల మంది అకాలంగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2021లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు సుమారు 11.9 లక్షల మంది. ఏ ఇంధనం కాల్చాలో, రోడ్డు మీద వేగం ఎంత ఉండాలో, ఏ పంటకు సబ్సిడీ ఇవ్వాలో తేల్చేది వేరే శాఖలు. దెబ్బలు తగిలి, జబ్బులు ముదిరి వచ్చినవారికి చికిత్స చేయడమే ఆరోగ్య శాఖకు మిగులుతోంది.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. ఫుట్‌పాత్ లేకుండా రోడ్డు వేస్తే ఆ శాఖకు ఖర్చు తగ్గుతుంది. తక్కువలో పని పూర్తి చేశారన్న పేరూ వస్తుంది. ఆ రోడ్డు మీద కాళ్లు విరిగినవారి ఖర్చు మాత్రం ఆస్పత్రుల పద్దులో పడుతుంది. సంపాదించే మనిషి మంచాన పడ్డ కుటుంబం చేసే అప్పు ఏ ప్రభుత్వ పద్దులోనూ కనిపించదు. ఆదా చేసేది ఒకరు, చెల్లించేది మరొకరు అయినప్పుడు శాఖల మధ్య సమన్వయ కమిటీలు ఎన్ని వేసినా మీటింగులు జరుగుతాయే తప్ప నిర్ణయాలు మారవు. నష్టం ఎంతో ముందే కాగితం మీద కనబడాలి.

ఆరోగ్యం అన్ని శాఖల బాధ్యత అన్నది కొత్త ఆలోచనేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ సమావేశాల్లో వెలువడిన 1978 ఆల్మా-ఆటా ప్రకటన, 1986 ఒట్టావా చార్టర్ ఈ మాటే చెప్పాయి. 2006లో యూరోపియన్ యూనియన్‌కు అధ్యక్షత వహించిన ఫిన్లాండ్ ‘అన్ని విధానాల్లో ఆరోగ్యం’ అని దానికి పేరు పెట్టింది. ఆ మాట అనే అర్హత ఆ దేశానికి ఉంది. అక్కడి నార్త్ కరేలియా ప్రాంతంలో మగవాళ్లు నడివయసులోనే గుండెజబ్బుతో రాలిపోతుంటే 1972లో ఒక కార్యక్రమం ప్రారంభించారు. వెన్న తగ్గించమని జనానికి చెప్పి ఊరుకోలేదు. పాడి మీద బతికే రైతుల గతేమిటని ఆలోచించి, బెర్రీ పండ్ల సాగుకు మళ్లేలా సాయం చేశారు. నాలుగు దశాబ్దాల్లో, పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాల రేటు 80 శాతానికి పైగా తగ్గింది.

ఆర్థిక శాఖ తలచుకుంటే ఏం చేయగలదో బ్రిటన్‌లో చూశాం. చక్కెర ఎక్కువున్న కూల్ డ్రింకుల మీద లెవీ (పన్ను) వేస్తామని 2016లో ప్రకటించారు. 2018 ఏప్రిల్‌లో అది అమల్లోకి వచ్చేలోపే చాలా కంపెనీలు చక్కెర తగ్గించేశాయి.

ప్రతి నిర్ణయానికి ముందు ఆరోగ్యంపై దాని ప్రభావం చూడాలంటే, ఇంకో అనుమతి పెడితే పనులు ఆగిపోతాయన్న అభ్యంతరం వస్తుంది. అందులో కొంత నిజం ఉంది. అందుకే ప్రతి ఫైలుకూ లోతైన అధ్యయనం అక్కర్లేదు. చిన్న వడపోత చాలు, ప్రభావం పెద్దగా ఉండే వాటికే పూర్తి అంచనా వేయాలి. మమ్మల్ని భయపెడుతున్నది జాప్యం కన్నా మొక్కుబడి తంతు. ప్రాజెక్టు కట్టేవాళ్లే డబ్బిచ్చి రాయించుకునే నివేదికల మీద జనానికి నమ్మకం ఎలా కుదురుతుంది?

కెనడాలోని క్యూబెక్ 2001లోనే చట్టం చేసింది. ప్రజారోగ్యంపై గణనీయమైన ప్రభావం చూపగల చట్టాలు, నిబంధనలు రూపొందించేటప్పుడు ఆరోగ్య మంత్రిని సంప్రదించడం అక్కడ తప్పనిసరి. అక్కడితో ఆగకుండా ఇంకో అడుగు వేయాలని మేం కోరుతున్నాం. కేబినెట్‌కు వెళ్లే ముఖ్యమైన ప్రతి ఫైలుకూ ఆర్థిక శాఖ అభిప్రాయంలాగే ఆరోగ్యంపై అభిప్రాయం కూడా జతచేయాలి. దాన్ని స్వతంత్ర నిపుణులు రాయాలి, నిర్ణయానికి ముందే జనం ముందు పెట్టాలి. కేబినెట్ దాన్ని పక్కనపెడితే, ఎందుకు పెట్టిందో ప్రభుత్వాధినేత సంతకంతో రాతపూర్వకంగా చెప్పాలి.