ఆ మైకు సార్ చేతిలో ఇంకాసేపు ఉండాల్సింది

ఈ ఏడాది ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ ఉగాది సంబరాలకు వచ్చినవాళ్ళకు ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయింది, పిల్లల కూచిపూడి అయింది, గ్రాండ్ స్పాన్సర్లకు శాలువాలు కప్పే కార్యక్రమం సగంలో ఉంది. అప్పుడు ఒక పెద్దాయనను స్టేజీ మీదికి పిలిచారు. "ఇండియా నుంచి వచ్చిన డ్రిల్ మాస్టారు గారు" అని పరిచయం చేశారు. ముందు వరసల్లో కొందరు నవ్వారు. ఆయన మైకు తీసుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. మూడు నిమిషాలు కూడా అయ్యాయో లేదో, పక్కనుంచి ఒక చేయి వచ్చి మైకు తీసేసుకుంది. స్పాన్సరు వీడియో వేయాలట. ఆయన అందరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆయన మా కాలేజీ ఫిజికల్ డైరెక్టర్. ఆయన దగ్గర నాలుగేళ్ళు వాలీబాల్ ఆడాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వినవాళ్ళ మీద కోపం ఒక కారణం. కమిటీకి ఆయన గురించి రెండే రెండు లైన్లు రాసిచ్చి చేతులు దులుపుకున్నది నేనే కావడం అంతకన్నా పెద్ద కారణం. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను.

నేను కాలేజీలో చేరింది 1994లో. గుంటూరు వైపు కాలేజీ. సార్ అప్పటికే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేసి వచ్చారు. పేరుకు ఫిజికల్ డైరెక్టర్. కబడ్డీ ఆయనే, ఖోఖో ఆయనే, స్పోర్ట్స్ డేకి సున్నంతో గీతలు గీయించేదీ ఆయనే. సాయంత్రం అయిదింటికి వాలీబాల్ కోర్టులోకి వచ్చాక మాత్రం ఆయన వేరే మనిషి. నేను లిఫ్టర్ని, అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాడిని. నెట్టుకు అడుగున్నర ఎడంగా, స్మాష్ కొట్టేవాడి చేయి అందుకునే ఎత్తులో, వెదురు కర్రకు ఒక పాత సైకిల్ టైరు కట్టించారు. రోజూ రెండు వందల బంతులు ఆ టైరులోంచి వెళ్ళాలి. మొదటి నెలలో ఇరవై వెళ్ళేవి. చీకటి పడి బంతి కనిపించకపోయినా ఆపనిచ్చేవారు కాదు. "బంతిని కళ్ళతో కాదు, వేళ్ళతో చూడు" అనేవారు. రెండో ఏడాది చివరికి నూట డెబ్బై వెళ్ళాయి. ఈ రోజుకీ బంతి నా చేతుల్లోకి వస్తే అది ఎక్కడ పడుతుందో పైకి చూడకుండానే నాకు తెలుస్తుంది.

మూడో ఏడాది ఇంటర్ కాలేజియేట్ ఫైనల్లో ఆఖరి సెట్‌లో నన్ను బయటికి తీసేశారు. నా జూనియర్ని దింపారు. మేం గెలిచాం, నాకు మాత్రం కప్పు తాకాలనిపించలేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి సార్ హాస్టల్‌కి వచ్చారు. నా మంచం మీద కూర్చుని, అవతలి టీం నా చేతులు చదివేసిందని, నేను వెనక్కి వేసే ప్రతి బంతికీ ముందే నడుం వంచుతున్నానని, నెట్టు దగ్గర అడ్డుకునే వాళ్ళ బ్లాకర్లు అది చూసి కదులుతున్నారని చెప్పారు. మర్నాటి నుంచి నెల రోజులు నా నడుం మీదే పని చేశారు.

మేం చదువు ముగించే సమయానికి ఆటే మారిపోయింది. అంతకుముందు అయిదో సెట్‌లో తప్ప, సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు వచ్చేది. ఆ తర్వాత బంతి కింద పడిన ప్రతిసారీ, అంటే ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చే పద్ధతి అన్ని సెట్లకూ వచ్చింది, మొదటి నాలుగు సెట్లు ఇరవై అయిదుకు వెళ్ళాయి. 1998లో లిబెరో వచ్చాడు, అంటే వెనక నిలబడి బంతి తీయడమే పనిగా ఉన్న ఆటగాడు. పాత పద్ధతిలో పెరిగిన కోచ్‌లు ఎందరో అక్కడే ఆగిపోయారు. సార్ నలభై దాటాక మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. యూనివర్సిటీ టీం ఆయన చేతికి వచ్చింది. ఆ టీం సౌత్ జోన్ దాటి ఆలిండియా ఇంటర్ వర్సిటీకి వెళ్ళింది. తర్వాత జూనియర్ ఇండియా క్యాంపుకు అసిస్టెంట్ కోచ్‌గా పిలుపు వచ్చింది, ఆపైన సీనియర్ క్యాంపుకు.

క్యాంపుకు వెళ్ళాలంటే కాలేజీ ఆన్ డ్యూటీ ఇవ్వాలి. మొదటిసారి ఇవ్వలేదు. "ఇక్కడ కబడ్డీ ఎవరు ఆడిస్తారు?" అని అడిగారట. జీతం లేని సెలవు పెట్టుకుని, దేశం టీంకు పని చేయడానికి వెళ్ళారాయన. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళ తర్వాత, మొన్న ఆయన్ని కారులో తీసుకెళ్తుంటే తెలిసింది. అది కూడా నేను అడిగితే చెప్పారు.

స్టేజీ మీద ఆయన చెప్పబోయిందీ ఆ క్యాంపుల గురించే. కాలేజీ కోచ్‌కీ నేషనల్ కోచ్‌కీ తేడా ఏమిటని కారులో అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "కాలేజీలో నిన్ను బయటికి తీస్తే రాత్రికి హాస్టల్‌కి వచ్చి మాట్లాడగలిగాను. క్యాంపులో ఒక కుర్రాడిని తీసేస్తే వాడు సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతాడు. వాడి నడుం సరిచేయడానికి నాకు మర్నాడు ఉండదు."

ఒక కోచ్ పైకి వెళ్తే ఏమవుతుందో ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. కాలేజీలో పచ్చి మట్టి చేతికొస్తుంది, నాలుగేళ్ళ టైం ఉంటుంది. నేషనల్ క్యాంపులో రైల్వేస్ నుంచి, సైనిక దళాల టీం సర్వీసెస్ నుంచి, కేరళ నుంచి, అప్పటికే ఆరితేరినవాళ్ళు వస్తారు. ఒక్కొక్కరికీ ఒక్కో అలవాటు, ఒక్కో పాత కోచ్. ఉన్న కొద్ది వారాల్లో వాళ్ళను ఒక టీం చేయాలి. నేర్పించే పని తగ్గి, ఎంచుకునే పని పెరుగుతుంది. నేర్పడంలోనే ఆనందం ఉన్న మనిషికి అది బరువే. అయినా ఆయన ఆ బరువు మోశారు.

మా అమ్మాయి ఇక్కడ కాలేజీ టీంలో ఆడుతుంది. వెనక వరసలోకి వచ్చినప్పుడు ఆటలోకి దిగి, ముందు వరసకు తిరిగేసరికి బయటికి వచ్చేస్తుంది. ఆమె మ్యాచ్ వీడియో చూసి సార్ అడిగిన మొదటి ప్రశ్న, "సెట్‌కి ఆటగాళ్ళ మార్పులు ఎన్ని?" అని. అమెరికా కాలేజీ అమ్మాయిల ఆటలో పదిహేను. అంతర్జాతీయ ఆటలో ఆరే. "అంటే ఈ అమ్మాయి చేసే పని దేశం టీంలో దాదాపు లిబెరో ఒక్కతే చేయాలి" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న నాకు ఆ తేడా తట్టలేదు. ఇక్కడ కాలేజీ అమ్మాయిల ఆట నుంచి నేషనల్‌కి వెళ్ళే కోచ్ దాటాల్సిన గోడ అదే. సంగతి తెలిశాక మా అమ్మాయి ఆయన్ని రెండు గంటలు వదల్లేదు. డైనింగ్ టేబుల్ మీద ఆరు చెంచాలు పెట్టుకుని ఇద్దరూ ఆటగాళ్ళు చోట్లు మారే రొటేషన్లు తిప్పుకుంటూ కూర్చున్నారు.

ఈ దేశంలో ఆ దారి కనిపిస్తుంది. పెప్పర్‌డైన్ యూనివర్సిటీ కోచ్ మార్వ్ డన్ఫీ 1988లో సియోల్‌లో అమెరికా మగవాళ్ళ టీంకు బంగారు పతకం తెచ్చి, మళ్ళీ అదే కాలేజీకి వెళ్ళి పిల్లలకు నేర్పారు. జాన్ స్పెరా ఒక చేత్తో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ టీంను, ఇంకో చేత్తో దేశం టీంను నడిపించారు. 2024లో యూసీఎల్‌ఏకు టైటిల్, పారిస్‌లో అమెరికాకు కంచు పతకం ఒకే ఏడాది వచ్చాయి. హ్యూ మెక్‌కచియన్ దేశం టీంలకు ఒలింపిక్ పతకాలు తెచ్చాక మిన్నెసోటా యూనివర్సిటీకి వెళ్ళారు. ఇక్కడ కాలేజీకి తిరిగి వెళ్తే మెట్టు దిగినట్టు ఎవరూ అనుకోరు.

మనకూ ఉన్నారు. వాలీబాల్ కోచ్ అరికపూడి రమణారావు గారికి 1990లో, కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆ అవార్డు మొదలై అప్పటికి అయిదేళ్ళే. మన హాల్లో ఆ రోజు కూర్చున్న మూడు వందల మందిలో ఆయన పేరు ఎందరికి తెలుసు? 1986 ఏషియన్ గేమ్స్‌లో మన మగవాళ్ళ వాలీబాల్ టీం కంచు పతకం గెలిచిందని, ఆ తర్వాత అక్కడ మళ్ళీ పతకం రాలేదని ఎందరికి తెలుసు? మా ఊళ్ళో సంక్రాంతికి చందాలు వేసుకుని నెట్టు కొనేవాళ్ళు, కరెంటు స్తంభం నుంచి వైరు లాగి లైట్లు కట్టేవాళ్ళు, గెలిచినవాళ్ళను భుజాల మీద మోసేవాళ్ళు. ఆట నేర్పిన మనిషి బంతుల సంచీ సైకిల్‌కి తగిలించుకుని ఒక్కడే ఇంటికి వెళ్ళేవాడు. మనం ఆ లైట్లనూ ఆ భుజాలనూ ఇక్కడికి తెచ్చుకున్నాం. లేబర్ డే వాలీబాల్ టోర్నమెంటుకు పదహారు టీంలు వస్తాయి. ఆ సైకిల్ మనిషిని మాత్రం అక్కడే వదిలేశాం.

ఇందులో నేనూ ఉన్నాను. పోయిన డిసెంబరులో మా అమ్మాయి చదువయ్యాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరి కోచింగ్ లైన్‌లోకి వెళ్తానంది. క్లబ్ వాలీబాల్‌కి ఏళ్ళ తరబడి ఫీజులు కట్టాను, వారాంతాలన్నీ డ్రైవ్ చేశాను. అయినా ఆ మాట వినగానే "అదేం ఉద్యోగం?" అన్నాను. ఆ రోజు హాల్లో నవ్వినవాళ్ళు అన్నదీ అదే. సార్ మా ఇంటి నుంచి వెళ్ళిన రెండో రోజు మా అమ్మాయికి క్షమాపణ చెప్పాను.

కమిటీ వాళ్ళ కష్టం నాకు తెలుసు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు ఫోన్లలో పని చేసేవాళ్ళే. హాలు అద్దె గంటల లెక్కన ఉంటుంది, స్పాన్సరు లేకపోతే భోజనాలే లేవు. ప్రోగ్రాం గంటన్నర ఆలస్యంగా నడుస్తుంటే ఎవరికైనా టెన్షనే. మైకు తీసుకున్న తమ్ముడు తర్వాత నాకు ఫోన్ చేసి బాధపడ్డాడు కూడా. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఆ సాయంత్రం ఒక్క శాలువా తక్కువ కప్పి ఉంటే సార్‌కి పది నిమిషాలు దొరికేవి.

అందుకే అడుగుతున్నాను. సార్ ఇంకా ఇక్కడే వాళ్ళ కూతురి దగ్గర ఉన్నారు, తిరుగు ప్రయాణం అక్టోబరులో. లేబర్ డే టోర్నమెంటుకు ముందు రోజు శనివారం పొద్దున్న మన కెప్టెన్లనీ, క్లబ్బుల్లో ఆడే మన పిల్లలనీ ఆయన ముందు కూర్చోబెడదాం. మన పిల్లలకు నేర్పుతున్న ఇక్కడి హైస్కూల్ కోచ్‌లను కూడా పిలుద్దాం, వాళ్ళకూ ఆ రోజే శాలువా కప్పుదాం. సార్‌కి ఇచ్చేది కవర్లో పెట్టి జేబులో పెట్టే దక్షిణలా కాకుండా, డీజేకి, ఫోటోగ్రాఫర్‌కి ఇచ్చినట్టు బడ్జెట్‌లో ఒక లైను రాసి కోచ్ ఫీజుగా ఇద్దాం. జిమ్ అద్దె, నెట్లు, బంతులు నేను చూసుకుంటాను. సైకిల్ టైరు కూడా సంపాదిస్తాను. పరిచయం ఈసారి రెండు లైన్లు కాదు, రెండు పేజీలు రాసి పెట్టాను. వచ్చే కమిటీ మీటింగ్‌లో చదువుతాను, నాకు పది నిమిషాలు ఇవ్వండి.