ముందు ఎగ్మూరా, వేటపాలెమా?

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పుట్టింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. ఆ మూడేళ్ల చరిత్రనూ, దానికి దారితీసిన రోజులనూ రాయాలనుకునేవాళ్లు ముందు ఎక్కడికి వెళ్లాలి? ప్రభుత్వ దస్త్రాలున్న ఆర్కైవ్స్‌కే అంటారు రిటైరైన చరిత్ర మాస్టారు. పాత పత్రికలున్న గ్రంథాలయాలకే అంటుంది ఆయన దగ్గర చదువుకున్న శిష్యురాలు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్లు చెప్పే చోట్లు మాత్రం నిజమైనవి.

మాస్టారు: ప్రభుత్వం ఏం చేసిందో ప్రభుత్వం దాచుకున్న కాగితమే చెబుతుందమ్మా. 1953 సెప్టెంబరు దాకా మన పదకొండు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే కదా. అక్కడి సచివాలయం ఇచ్చిన జీవోలు, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చూడాలంటే చెన్నై ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సిందే. ఒకప్పటి మద్రాస్ రికార్డ్ ఆఫీసు అదే.

శిష్యురాలు: వెళ్లి ఏమడగాలి మాస్టారూ? అల్మారాల మధ్య తిరిగి చేతికందింది తీసుకునే చోటు కాదది. ఇండెక్స్ చూసుకుని శాఖ, నంబరు, తేదీ స్లిప్పు మీద రాసిస్తే ఎవరో లోపలికి వెళ్లి ఆ కట్ట తెస్తారు. తేదీ తెలియనివాళ్లు సాయంత్రం దాకా ఇండెక్సులే తిప్పుతూ కూర్చుంటారు. ఆ తేదీ నాకు పత్రిక ఇస్తుంది. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో ఊరి యువకులు పెట్టుకున్న గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తుంటారు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15 రాత్రి పోయారు. తర్వాత నాలుగు రోజులు కోస్తా అంతా అట్టుడికింది. 19న నెహ్రూ ప్రకటన వచ్చింది. ఆ నాలుగు రోజుల పత్రికలు చదివి వెళితే ఎగ్మూరులో ఏ కట్ట అడగాలో తెలుస్తుంది.

మాస్టారు: పత్రిక ఎవరిదో చూడవా? ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారే ఆంధ్రోద్యమ నాయకుల్లో ఒకరు. విశాలాంధ్ర కమ్యూనిస్టులది. 1955 ఎన్నికల ముందు ఏ పక్షం పత్రిక తిరగేసినా గెలుపు తమదే అన్నట్టు ఉంటుంది. చివరికి 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు వచ్చినవి 15.

శిష్యురాలు: పక్షపాతం ఫైలుకు మాత్రం లేదా? పత్రిక పక్షం మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఫైలు తటస్థంగా ఉన్నట్టు నటిస్తుంది, అదే ప్రమాదం. పైగా ఏ ఫైలు మిగలాలో నిర్ణయించింది ఎవరు? మీరు చెప్పిన పాఠమే ఇది. కాగితం మీద ఆర్.డిస్. అని పడితే శాశ్వతంగా ఉంచుతారు, డి.డిస్. అని పడితే పదేళ్లకు తగలబెడతారు, ఎల్.డిస్. అయితే ఇంకా ముందే పోతుంది. మా ఊళ్లో చెరువు తెగిందని రైతులు పెట్టుకున్న అర్జీకి ఏ ముద్ర పడి ఉంటుందంటారు?

మాస్టారు: ఎల్.డిస్.

(ఇక్కడ మాస్టారు ఒక్క ముక్కతో ఊరుకోవడం గమనించాలి.)

మాస్టారు: అయినా ఒక మాట. నువ్వు చెప్పే సంపుటాల్లోనూ నెలలకు నెలలు దొరకవు. ఎవరో చించుకుపోయినవి కొన్ని, చెదలు తిన్నవి కొన్ని. ఆర్కైవ్స్‌లో ఒక శాఖలో పోయిన కాగితం నకలు ఇంకో శాఖలో దొరుకుతుంది. మద్రాసులో లేనిది ఢిల్లీలో ఉంటుంది. రాష్ట్రం విడదీసింది పార్లమెంటు చట్టం. విభజన లెక్కలు పరిశీలించిన జస్టిస్ వాంఛూ నివేదిక వెళ్లింది కేంద్రానికే. జనపథ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో హోం శాఖ ఫైళ్లు చూడకుండా విభజన గురించి ఏం రాస్తావు? అభిలేఖ్ పటల్ అనే వాళ్ల పోర్టల్‌లో ఇంటి నుంచే కేటలాగు వెతకొచ్చు కూడా.

శిష్యురాలు: వెతికాను. విజయవాడ అని ఇంగ్లీషులో కొడితే రానివి బెజవాడ అని పాత స్పెల్లింగుతో కొడితే వచ్చాయి. విశాఖకు విజగపటం, కాకినాడకు కోకనాడ. ఇది కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. అది సరే, ఏ యూనివర్సిటీలోనూ లేని మనిషి సంగతేమిటి? ఆర్కైవ్స్‌లో సాధారణంగా సంస్థ నుంచో గైడు నుంచో పరిచయ లేఖ అడుగుతారు. తన ఊరి చరిత్ర రాసుకునే రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు ఆ లేఖ ఎక్కడ తెస్తాడు? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి మామూలు పాఠకుడిగా వెళ్లొచ్చు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు ఉన్నాయి. అవైతే బస్సు కూడా ఎక్కక్కర్లేదు.

మాస్టారు: లేఖ లేదని తలుపు దగ్గరే ఆగిపోవడం ఎందుకు? ఏం వెతుకుతున్నాడో ఒక పేజీ రాసుకుని, గుర్తింపు కార్డు పట్టుకుని, ముందు ఉత్తరం రాసి వెళ్లమను. ప్రశ్న సూటిగా ఉంటే లోపల పనిచేసేవాళ్లే దారి చూపిస్తారు. అసలు కొత్తవాళ్ల తప్పు వేరే ఉంది. ఇప్పటి మ్యాపు చూసి ఆఫీసు వెతుకుతారు. భద్రాచలం సంగతి చూడు. ఇప్పుడు తెలంగాణలో ఉంది కాబట్టి 1954 నాటి కాగితాలకు నిజాం రాజ్యపు రికార్డుల్లో చూస్తారు. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లా తాలూకా! కాకినాడ కలెక్టరు ఆఫీసు దారి పట్టాలి. బళ్లారి ఇంకా చిక్కు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకొచ్చాయి, మిగతావి మైసూరుకు వెళ్లాయి. ఒకే జిల్లా కాగితం, మూడు రాష్ట్రాల దారులు. ఆ రోజున ఆ ఊరిని ఎవరు పాలించారన్నది తేలాకే కాగితం ఎక్కడుందో అడగాలి.

శిష్యురాలు: దీనికి మాత్రం ఎదురు చెప్పను. మరి కర్నూలు సచివాలయం కాగితాలో? అవి మద్రాసులో ఉండవుగా.

మాస్టారు: ఉండవు. 1956లో సచివాలయం హైదరాబాదుకు తరలింది. ఆ జాడ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ నుంచి మొదలుపెట్టాలి. నిజాం కాలపు రికార్డుల కార్యాలయం దఫ్తరే దివానీ నుంచి ఎదిగిన సంస్థ అది. షాజహాను, ఔరంగజేబుల నాటి పారశీక పత్రాలు కూడా అక్కడున్నాయి. 1956 విలీనం దాకా వెళ్లి, తెలంగాణ వైపు ఏమనుకున్నారో రాయాలంటే ఉర్దూ కాగితాలు, నిజాం పాలనలో వాడిన ఫసలీ క్యాలెండరు తేదీలు తప్పవు. హైదరాబాదు ఫసలీకి నెలను బట్టి 590 గానీ 591 గానీ కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

శిష్యురాలు: సరే, ఒకే ఘటన తీసుకుందాం. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఎందుకు పడిందో మీ ఫైలు చెబుతుందా?

మాస్టారు: నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ నివేదికను ప్రభుత్వం ఎందుకు పక్కన పెట్టిందో చెబుతుంది. ఎవరు ఏ నోటు రాశారు, ఆదాయం ఎంత వస్తుందని లెక్క కట్టారు, ఎక్కడ ఆపారు. అవి పత్రికకు అందవు.

శిష్యురాలు: గీత కార్మికుల ఆందోళన ఆ నోట్లో ఒక్క వాక్యం అవుతుంది, శాంతిభద్రతల సమస్యగా. ఏ ఊళ్లో సభ జరిగింది, ఎవరు అరెస్టయ్యారు, సభలో ఏం తీర్మానించారు, ఇవన్నీ పత్రికలోనే కదా దొరికేది.

మాస్టారు: మనిద్దరం మర్చిపోయింది ఒకటుంది. శాసనసభ చర్చల సంపుటాలు. అవి అచ్చయిన పుస్తకాలు కాబట్టి ఆర్కైవ్స్ అవసరం లేదు, విలేకరి చేతిలో పడి మారేదీ లేదు. ప్రభుత్వం పడిపోయిన రోజున ఎవరేమన్నారో సభ రికార్డులోనే ఉంటుంది.

శిష్యురాలు: సభ్యుడు సభలో చెప్పిన కారణం, లాబీలో చెప్పిన కారణం ఒకటేనా?

మాస్టారు: కాదు. అందుకు ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ లైబ్రరీలో నాయకుల సొంత ఉత్తరాలు, మౌఖిక చరిత్ర ఇంటర్వ్యూలు చూడాలి. ప్రకాశం గారి ఆత్మకథ కూడా చూడొచ్చు కానీ, ఈ కాలం గురించిన నాలుగో భాగం రాసింది ఆయన సహచరుడు తెన్నేటి విశ్వనాథం గారు. అది గుర్తుపెట్టుకుని చదవాలి.

శిష్యురాలు: అంటే గీత కార్మికుల సంగతి నాకు వదిలేసినట్టేనా?

మాస్టారు: వదిలేశాను, అక్కడ పత్రికతోనే మొదలుపెట్టు. ఆస్తుల పంపకం, సరిహద్దు తాలూకాలు మాత్రం ఎగ్మూరుతోనే.

శిష్యురాలు: పంపకం మీరే ఉంచుకోండి. కర్నూలు రాజధాని మాత్రం ఇవ్వను. డేరాల్లో ఆఫీసులు పెట్టుకుని గుమాస్తాలు, వాళ్ల పిల్లాపాపలు ఎలా బతికారో ఏ జీవోలో ఉంటుంది? పత్రికలకు వచ్చిన లేఖల్లో ఉంటుంది.

మాస్టారు: డేరాలు ఎవరు సరఫరా చేశారు, బిల్లు ఎంతైంది, ఎన్నాళ్లకు చెల్లించారు, అది ఏ లేఖలో ఉంటుందో నువ్వు చూపించు!