12 వోల్టుల బ్యాటరీకి ‘ఫుల్ పవర్’ ఫైలు

అమలాపురం నుంచి భీమవరం దాకా మైకు సెట్ల వాళ్ల ఫోన్లలో ఓ మెసేజి తిరుగుతోంది. టీఏఎస్5805ఎం చిప్ ఉన్న యాంప్లిఫయర్ బోర్డుకి అందులోని ఫైలు ఎక్కిస్తే ఆటో బ్యాటరీ మీదే సౌండు రెట్టింపవుతుందట. ఒక్కసారి ఎక్కిస్తే చాలట. ఏ బాక్సుకైనా పనికొస్తుందట. మధ్యలో ఆగితే 78వ రిజిస్టరులో 80 రాస్తే సరిపోతుందట. మొదటి మూడూ తప్పు, నాలుగోది సగం నిజం. (రిజిస్టరంటే చిప్ లోపల ఒక సెట్టింగు ఉండే గడి. వాటి నంబర్లు, వాటిలో రాసే విలువలు హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో ఇస్తున్నాం; అందులో 10 అంటే మామూలు 16.)

ముందు రెట్టింపు సంగతి. సౌండు పెంచడానికి ఆ ఫైలు చేసేదల్లా 54, 4సీ రిజిస్టర్లలో 00 పెట్టడమే. 54 అనలాగ్ గెయిన్. అందులో 00 అంటే ఫుల్ స్కేల్ (డిజిటల్‌లో పట్టేంత పెద్ద) సిగ్నల్‌కి 29.5 వోల్టుల పీక్. బ్యాటరీలో ఉన్నవే 12, మిగతావి ఎక్కణ్ణుంచి వస్తాయి? 4సీ డిజిటల్ వాల్యూమ్. 30 పెడితే 0 డీబీ, 00 పెడితే ఏకంగా +24. 12 వోల్టుల మీద 8 ఓముల స్పీకరుకి శుభ్రంగా అందేది మహా అయితే 9 వాట్లు. ఇంకా తోస్తే వేవ్ తలలు తెగి చదునవుతాయి. పూర్తిగా చదునైతే 18 వాట్ల దాకా వెళ్తుంది గనక చెవికి పెరిగినట్టే ఉంటుంది. కానీ పెరిగినదాంట్లో మూడో వంతుకి పైగా హార్మోనిక్సే, అంటే అసలు స్వరానికి రెట్ల ఫ్రీక్వెన్సీల్లో పుట్టే అదనపు మోతలే. అవి క్రాసోవర్ (హెచ్చు, తగ్గు స్వరాలని విడదీసే భాగం) దాటి ట్వీటర్లోకి (హెచ్చు స్వరాల చిన్న స్పీకరు) పోతాయి, ముందు కాలేది అదే.

54లో ఒక్కో మెట్టు అర డీబీ. 12 వోల్టులకి 10 పెట్టండి: −8 డీబీ, 11.7 వోల్టుల పీక్. 24 వోల్టుల సప్లైకి 04. 4సీని 30 దాటించొద్దు. ఇంకా సౌండు కావాలంటే సెన్సిటివిటీ (అదే వాటుకి ఇచ్చే సౌండు) 3 డీబీ ఎక్కువున్న స్పీకరు కొనండి, వాట్లు రెట్టింపు చేసినంత పని అవుతుంది.

‘ఒక్కసారి’ అన్నది అసలు కుదరదు. కరెంటు తీస్తే రిజిస్టర్లన్నీ చెరిగిపోతాయి. ప్యూర్‌పాత్ కన్సోల్ 3 అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్యూన్ చేసి తీసిన హెడర్ ఫైలుని (సెట్టింగుల జాబితా) మైక్రోకంట్రోలరు ప్రతిసారీ ఐ2సీ (చిప్‌కి సెట్టింగులు పంపే రెండు తీగల దారి) మీద పంపాలి. వరుస ఇది: సప్లైలు, పీడీఎన్ (చిప్‌ని నిద్రలేపే పిన్ను) హై, ఐ2ఎస్ (డిజిటల్ ఆడియో వచ్చే దారి) క్లాకులు నిలకడ, 03లో 02 (అవుట్‌పుట్ ఆపి ఉంచడం), కనీసం 5 మిల్లీసెకన్లు ఆగడం, కోఎఫిషియంట్లు (ఈక్వలైజర్ లెక్కల అంకెలు), ఆఖర్న 03లో 03 (ప్లే). కోఎఫిషియంట్లయ్యాక 00లో 00, 7ఎఫ్‌లో 00 రాసి మొదటి బుక్కుకి, మొదటి పేజీకి (చిప్ రిజిస్టర్లని ఇలా బుక్కులు, పేజీలుగా విడదీసి ఉంచుతుంది) తిరిగి రావాలి. ఇది మరిస్తే తర్వాత మీరు వాల్యూమ్ అనుకుని రాసేది ఈక్వలైజర్ లెక్కల మీద పడుతుంది. గీ మని అరుస్తుంది.

ఏ బాక్సుకైనా అన్న మాటకి జవాబు చిన్నదే. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటుకి లెక్కేసిన 100 హెర్ట్జ్ హైపాస్ (అంతకన్నా కిందివి కోసే ఫిల్టరు), 96 కిలోహెర్ట్జ్ మీద నడిస్తే 200 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. పైగా ఒక బాక్సుకి ఎత్తిన బాస్ ఇంకోదాని కోన్‌ని చింపేస్తుంది.

78లో 80 రాస్తే ఫాల్టు గుర్తు చెరుగుతుంది, కారణం పోదు. చెరిపే ముందు చదవండి. 70లో 01, 02 ఓవర్‌కరెంట్. 04, 08 స్పీకరు వైర్ల మీద డీసీ. 71లో 04 క్లాకు పోవడం; బ్లూటూత్ పాట ఆపినప్పుడు వచ్చేది మామూలుగా ఇదే, భయం లేదు. 72లో 01 వేడి. ఓవర్‌కరెంట్ వస్తుంటే రెండు స్పీకర్ల మైనస్ వైర్లు కలిపారేమో చూడండి. ఈ చిప్‌లో మైనస్ కూడా అవుట్‌పుటే, గ్రౌండు కాదు. ఆసిలోస్కోపు గ్రౌండు క్లిప్పు అక్కడ తగిలించినా షార్టే.