యాక్సెస్ పాయింటు వారి సముఖానికి ఒక విన్నపం

గౌరవనీయులైన వైర్‌లెస్ యాక్సెస్ పాయింటు గారికి,

నమస్కారాలు. ఇంట్లో వైఫై పంచి, తీగలు లేని సేవను అందిస్తామని వచ్చిన తమరు, పెట్టెలోంచి బయటపడగానే మొట్టమొదట అడిగినది ఒక తీగ. అప్పటినుంచే తమకు నాలుగు మాటలు రాయాలని అనుకుంటున్నాను. నా ఫిర్యాదు ఒక్కటే: తమరు అడగవలసినవి అడగరు, అడగనక్కరలేనివి పేజీలకు పేజీలు అడుగుతారు.

పెట్టె సంగతితో మొదలుపెడతాను. దాని మీద ఏఎక్స్3000 అని బొద్దు అక్షరాలతో అచ్చువేశారు. ఆ మూడు వేలు ఎక్కడివని లెక్క తీస్తే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో (అంటే తరంగాల పట్టీలో) సెకనుకు 574 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 2402 మెగాబిట్లు, వెరసి 2976. తక్కువ పడిన 24 తమ తయారీదారుల ఔదార్యం కాబోలు. తమ తరం పరికరాలతో ఫోను మామూలుగా ఒక సమయంలో ఈ రెండింటిలో ఒక బ్యాండుతోనే మాట్లాడుతుంది కాబట్టి, ఈ కూడిక వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఆ 2402 అయినా బ్యాండులో 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న దారి, అంటే ఛానెల్, దొరికినప్పటి మాట. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి గనుక అంకె సగానికి, అంటే 1201కి దిగుతుంది. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ అదే ఛానెల్‌లోని మిగిలినవారంతా ఆగి వినవలసిన పద్ధతిలో, మాటకు మాటకు మధ్య వేచి ఉండే సమయాన్ని కూడా తీసివేస్తే, చేతికందేది అందులో సగమో, అంతకు కాస్త ఎక్కువో. పోనీ, ఇన్ని గండాలు దాటి వచ్చిన డేటా బయటికి వెళ్లే దారి ఎంత విశాలమైనదో చూద్దామని తమ వీపు తిప్పి చూస్తే, అక్కడున్నది 1000 మెగాబిట్ల పోర్టు. ముందువైపు మూడు వేలు, వెనుకవైపు వెయ్యి! అరచేతిలో వైకుంఠం చూపించడంలో తమ పెట్టెకు సాటి లేదు.

ఇక తమరిని మేల్కొలిపే తంతు. ఒకప్పుడు బ్రౌజరులో ఒక చిరునామా కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకునేది. ఇప్పుడు తమ దర్శనానికి ఒక యాప్ కావాలి, ఆ యాప్‌ను దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, లోపలికి వెళ్లాక ఖాతా తెరవడానికి మళ్లీ ఇంటర్నెట్ కావాలి, తమరిని కొన్నదే ఆ ఇంటర్నెట్ కోసం. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెతను ఇంత శ్రద్ధగా సాఫ్ట్‌వేరుగా మార్చినవారు మరొకరు ఉండరు. ఎలాగో ఫోనును తమ తాత్కాలిక నెట్‌వర్కుకు కలిపితే, ఇందులో ఇంటర్నెట్ లేదని గ్రహించిన ఆ ఫోను, మాట మాత్రమైనా చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. యాప్ మాత్రం పరికరం కనబడలేదని, దగ్గరకు జరిగి మళ్లీ ప్రయత్నించమని సలహా ఇస్తుంది. తమరు బల్ల మీద, ఫోనుకు ఆనుకునే ఉంటారు. అంతకంటే దగ్గరకు జరగడం భౌతికంగా ఎలా సాధ్యమో యాప్ చెప్పదు. మొబైల్ డేటా ఆపివేయాలన్న ఒక్క వాక్యం ఆ తెరమీద ఉంటే చాలును గదా.

లోపలికి అడుగుపెట్టాక ప్రశ్నలు మొదలవుతాయి. తెర రంగు లేతగా ఉండాలా, ముదురుగా ఉండాలా? అతిథులకు వేరే నెట్‌వర్కు కావాలా? పిల్లల మీద నిఘా కావాలా? వారం వారం నివేదిక ఈమెయిలుకు పంపమంటారా? మధ్యలో దేశం ఏదని కూడా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకుంటాను, ఏ ఛానెళ్లు వాడవచ్చో, ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చో దేశాన్ని బట్టి మారుతుంది గనుక. కాని అన్నిటికంటే ముందు అడగవలసినది వేరే ఉంది: తమరు ఇక్కడ రూటరుగా పనిచేయాలా, యాక్సెస్ పాయింటుగా పనిచేయాలా?

ఇంట్లో మోడెమ్ పక్కన ఒక రూటరు ఏనాటినుంచో ఉద్యోగం చేస్తోంది. పరికరాలకు ఐపీ చిరునామాలు (నెట్‌వర్కులో ఒక్కొక్కదాని గుర్తింపు సంఖ్యలు) పంచేది అదే, వాటి తరఫున బయటి ప్రపంచానికి ముఖం చూపేది అదే. దాని సిగ్నల్ అందని గదులకు ఆ నెట్‌వర్కునే మోసుకుపోవడం వరకే తమరి పని. తమరు మాత్రం విద్యుత్తు అందీ అందగానే రూటరు వేషం కడతారు. కేబులును ఇంటర్నెట్ వైపు ఉద్దేశించిన తమ వ్యాన్ పోర్టులో పెడితే, లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే పని ఒకసారి తమ దగ్గర, ఇంకోసారి అసలు రూటరు దగ్గర జరుగుతుంది. ఇంటర్నెట్ పేజీలు తెరుచుకుంటూనే ఉంటాయి కాబట్టి ఈ గుట్టు బయటపడదు, ప్రింటరు 192.168.1 వరుసలో, ల్యాప్‌టాప్ 192.168.0 వరుసలో చిక్కుకుని, ఒకే గదిలో ఉన్నా ఒకదానికొకటి కనబడనప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి ప్రింటరును తిడతారు. సరే, అదే కేబులును ఇంటిలోపలి పరికరాల కోసమున్న ల్యాన్ పోర్టుకు మార్చి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సేవను ఆపకపోతే, ఒకే నెట్‌వర్కులో చిరునామాలు పంచేవారు ఇద్దరవుతారు. అడిగిన పరికరానికి ఎవరి జవాబు ముందు చేరితే వారి మాటే చెల్లుతుంది. అసలు రూటరు జవాబు ముందు అందిన ఫోనులో వీడియో ఆడుతుంది; తమ జవాబు అందిన ఫోను దారి కోసం తమ వైపే చూస్తూ, సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉండగానే, ఇంటర్నెట్ లేదంటుంది. పొరపాటున ఇద్దరి సొంత చిరునామా 192.168.1.1 అయిందా, ఇక ఆ గొడవ చెప్పనక్కరలేదు.

దీనికంతటికీ విరుగుడు ఆపరేషన్ మోడ్ అనే ఒకే ఒక్క మీట. దాన్ని తమరు అడ్వాన్స్‌డ్ అనే తలుపు వెనుక, సిస్టమ్ అనే అర లోపల, సమయమండలం కిందా భాష పైనా దాచారు. వెదికి పట్టుకుని యాక్సెస్ పాయింటు మోడ్‌కు మారిస్తే తమరు పునఃప్రారంభమవుతారు. పాత చిరునామాలో మరి కనబడరు, ఎందుకంటే ఇప్పుడు తమకు చిరునామా ఇచ్చేది అసలు రూటరు. ఆ రూటరులోకి వెళ్లి, కలిసి ఉన్న పరికరాల జాబితాలో అర్థంకాని అక్షరాల వరుసల మధ్య, తమ అడుగున అంటించిన చీటీ మీది మ్యాక్ చిరునామాతో, అంటే ఫ్యాక్టరీలో వేసిన గుర్తింపుతో, పోల్చుకుంటూ తమరిని గుర్తుపట్టాలి. ఈ సంగతి ఒక్కమాటలో ముందే చెప్పి ఉంటే, తమరు చెడిపోయారనుకుని తమ పొట్టలోని రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చి, చేసిన పనంతా చెరిపేసుకునే అమాయకులు ఎంతోమంది తగ్గేవారు.

తమరు అడగని రెండో ప్రశ్న, తమరిని ఎక్కడ పెడుతున్నారని. పెద్ద కార్యాలయాలలోని తమ బంధువులు ఈ విషయంలో అదృష్టవంతులు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం పుణ్యమా అని, డేటా వచ్చే కేబులులోంచే 15.4 వాట్ల వరకు విద్యుత్తు కూడా బయలుదేరుతుంది. దారి ఖర్చులు పోను పరికరానికి 12.95 వాట్లు దక్కుతాయి. కాబట్టి వారు ప్లగ్గుతో పనిలేకుండా, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్కు స్విచ్చునుంచి 100 మీటర్ల లోపు, పైకప్పు నడుమ దర్జాగా కూర్చుంటారు. తమరు మాత్రం ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ: టీవీ వెనుక, ఇనుప బీరువా మీద, నిలువుటద్దం చాటున. లోహం తమ తరంగాలను తిప్పికొడుతుంది, అద్దం వెనుక పూత కూడా లోహమే, కాంక్రీటు గోడ మింగుతుంది, నీళ్లు మరీ మింగుతాయి. ఈ నష్టాన్ని డెసిబెల్ లెక్కలో చూస్తే మైనస్ 50 నుంచి మైనస్ 53కు దిగడం మూడే మూడు మెట్ల తేడాలాగే కనబడుతుంది గాని, అసలు జరిగినది అందిన శక్తి సగమైపోవడం. మైనస్ 67 దగ్గర వీడియో కాల్‌కు ఢోకా ఉండదు. మైనస్ 80 దాటితే ముఖం ఒకచోట నిలిచిపోయి గొంతు మాత్రమే వస్తుంది, కాసేపటికి అదీ రాదు. ఈ అంకెలు తమకు ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటాయి. వాటిని ఫోను పేరు పక్కనే చూపిస్తే, తమరిని ఎటు జరపాలో ఎవరైనా తెలుసుకోగలరు. తమరు చూపించేది నాలుగు గీతల బొమ్మ.

ఛానెల్ విషయానికి వస్తే తమ జవాబు ఒకటే: ఆటో. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కొక్క ప్రసారానికి కావలసిన వెడల్పు 20. అందుకే ఒకదానిమీదొకటి పడకుండా వాడుకోదగినవి 1, 6, 11 మాత్రమే అని ఈ విద్య తెలిసినవారంతా చెబుతారు. తమ ఆటో విజ్ఞత మాత్రం 1లో ఒకరు, 6లో ఒకరు ఉన్నారని చూసి, ఖాళీగా ఉందికదా అని 3ను ఎంచుకుని, ఇద్దరికీ అడ్డుపడుతుంది. ఒకే ఛానెల్‌లో ఉన్నవారు ఒకరి మాట ఒకరు గుర్తించి వంతులు పాటిస్తారు. సగం కలిసిన ఛానెల్‌లో వినబడేది రొద మాత్రమే, వంతుల మర్యాద అక్కడ పనిచేయదు. పైగా ఈ ఎంపిక పవర్ వచ్చిన ఘడియలో చేసి, ఆ తరువాత లోకం తలకిందులైనా తమరు అదే పట్టు మీద ఉంటారు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే గాని, అందులో కొన్ని ఛానెళ్లు రాడార్లవి. వాటిలోకి వెళ్లేముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి, రాడార్ అలికిడి తగిలితే వెంటనే ఖాళీ చేసి 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. నిబంధన మంచిదే, విమానాల, వాతావరణ కేంద్రాల భద్రతకు సంబంధించినది; నేను కాదనను. నెట్‌వర్కు ఉన్నపళంగా మాయమైనప్పుడు ఫలానా కారణంతో ఛానెల్ మారుతున్నానని ఒక ముక్క చెప్పరాదా అన్నదే నా బాధ.

ప్రసార శక్తి అనే సెట్టింగును తమరు గరిష్ఠం దగ్గర పెట్టి పంపుతారు, అందరూ దాన్ని సంతోషంగా అలాగే వదిలేస్తారు. మైకు పట్టుకున్నవాడి మాట వీధి చివరకు వినబడుతుంది, వీధి చివర మైకు లేనివాడి జవాబు మాత్రం వేదిక దాకా రాదు. చిన్న బ్యాటరీతో బతికే ఫోను పరిస్థితి అదే: తమ గొంతు నిక్షేపంగా వినబడుతోంది గనుక గీతలు నిండుగా చూపిస్తుంది, దాని జవాబు తమకు చేరదు గనుక పేజీ తెరుచుకోదు.

భద్రత దగ్గర తమరు చూపే విశాల హృదయం మరీ ప్రమాదకరం. డబ్ల్యూఈపీ అనే పాత వైఫై తాళం లోగుట్టు 2001లోనే రట్టయింది. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. అయినా ఆ పాత పేర్లను జాబితాలోంచి తీసివేయడానికి తమకు చేతులు రావు. డబ్ల్యూపీఏ నాటి పాత టీకేఐపీ గుప్తీకరణ పద్ధతికి కట్టుబడిన పరికరానికి కొత్త తరం వేగాలు ఇవ్వకూడదన్న నియమం ఉంది గనుక దాని వేగం 54 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుందని కూడా అక్కడ రాయరు. పాస్‌వర్డు కొట్టకుండా పరికరాన్ని కలిపే డబ్ల్యూపీఎస్ పిన్ను చూడబోతే ఎనిమిది అంకెలు. చివరి అంకె మిగిలినవాటి నుంచి లెక్కగట్టేదే, పైగా తమరు మొదటి సగం సరిపోయిందో లేదో విడిగా చెప్పేస్తారు. అందుచేత కోటి ప్రయత్నాలు పట్టవలసిన చోట 11,000 చాలునని 2011లోనే లోకానికి తెలిసింది. ఆ సదుపాయం తమలో ఈనాటికీ వెలుగుతూనే వచ్చింది. నెట్‌వర్కు పేరును దాచిపెట్టే మీటను భద్రత అనే శీర్షిక కింద పెట్టడం హాస్యం అనుకుని ఊరుకున్నాను. దాచిన పేరును ఫోన్లే వెళ్లినచోటల్లా పిలుస్తూ తిరుగుతాయి.

పేరు దగ్గర ఒక చిన్న ముచ్చట. ఎస్ఎస్ఐడీకి, అంటే నెట్‌వర్కు పేరుకు, తమరిచ్చే చోటు 32 బైట్లు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. "మా ఇంటి వైఫై" అని రాస్తే రెండు ఖాళీలతో కలిపి కచ్చితంగా 32 అవుతుంది. "మా ఇంట్లో వైఫై" అంటే తమకు పట్టదు. విభక్తి మీద ఇంత పట్టింపు వ్యాకరణ పండితులకు కూడా ఉండదు.

చివరగా, మేడ మీదికి వెళ్లిన ఫోను అక్కడి యాక్సెస్ పాయింటును పట్టుకోకుండా, కిందనున్న తమరినే వదలక వేలాడుతుందన్న ఫిర్యాదు తమ మీద చాలాకాలంగా ఉంది. ఈ ఒక్క విషయంలో తమ తప్పు లేదు. పేరు, పాస్‌వర్డు రెండుచోట్లా ఒకటే పెట్టినా, ఎప్పుడు ఎవరిని వదిలి ఎవరి దగ్గరకు వెళ్లాలో నిర్ణయించుకునేది ఫోనే. తమరు మహా అయితే సలహా ఇవ్వగలరు. అందుకని ఆ ఫోను గారికి వేరే లేఖ రాస్తున్నాను. అదీ తమ ద్వారానే వెళ్లాలి. మధ్యలో రాడార్ వినబడినా సరే, దయచేసి అది చేరేదాకా ఛానెల్ మార్చకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
అడ్మిన్
(పాస్‌వర్డు మాత్రం అడ్మిన్ కాదు, మార్చడమైనది.)