‘ఇనుము శబ్దం కట్ చేస్తే ఉల్క దొరుకుతుంది’: ఈ సలహా నమ్మి డిటెక్టర్ కొనొద్దు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం: ఉల్క అంటే ఇనుపముద్ద, కాబట్టి ఏ డిటెక్టరైనా పడుతుంది. మేకుల గోల లేకుండా డిస్క్రిమినేషన్ (ఇనుము శబ్దాన్ని వినపడకుండా చేసే సెట్టింగ్) పెట్టుకోవాలి. డబ్బుంటే పల్స్ ఇండక్షన్ మిషన్ కొనాలి, అది పదడుగుల లోతు చూస్తుంది. గుట్టల దగ్గర అయస్కాంతానికి అంటే నల్లరాయి ఉల్కే, అమ్ముకోవచ్చు. ఇందులో ఏ ఒక్క మాటా నిలబడదు. నమ్మి డబ్బు పెట్టేవాళ్లు ఉన్నారు గనుక ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

“ఉల్క అంటే ఇనుపముద్ద”

పడుతుండగా చూసి ఏరిన ఉల్కల్లో నూటికి 94 దాకా రాతి ఉల్కలే. పూర్తి ఇనుపవి అయిదు శాతం ఉంటాయి. రాతి ఉల్కల్లో ఎక్కువ భాగం ఆర్డినరీ కాండ్రైట్లు, అంటే రాతిలో లోహపు రేణువులు కలిసినవి. వీటిలో హెచ్ రకంలో బరువులో 15 నుంచి 20 శాతం, ఎల్ రకంలో 4 నుంచి 10 శాతం లోహం ఉంటుంది. ఎల్ఎల్ రకంలో మూడు శాతం కూడా దాటదు. 2008లో తమిళనాడులోని శూలగిరి దగ్గర పడింది ఈ చివరి రకమే. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడింది కర్బన ఉల్క, 2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్‌లో పడింది ఆబ్రైట్ అనే, లోహం చాలా తక్కువున్న రాతి ఉల్క. ఈ రెండింటి మీద డిటెక్టర్ దాదాపు మౌనంగానే ఉంటుంది. అలాంటివి పడితే వాటిని కన్నే పట్టుకోవాలి.

“ఏ డిటెక్టరైనా పడుతుంది, ఇనుము శబ్దం కట్ చేసుకోండి”

ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. కాండ్రైట్‌లో లోహం మిల్లీమీటరు కంటే చిన్న రేణువులుగా, గచ్చులో ఇసుకలా విడివిడిగా ఉంటుంది. ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు కరెంటు పారదు. కాబట్టి నాణెం నుంచి వచ్చినట్టు గట్టి సంకేతం రాదు. కాయిల్‌కు (డిటెక్టర్ కింద నేలమీద ఊపే చక్రానికి) వినిపించేది ముఖ్యంగా రాయి అయస్కాంత గుణమే. ఆ సంకేతం మిషన్ మీటరు మీద తుప్పు మేకు పడే చోటే పడుతుంది. డిస్క్రిమినేషన్ చేసే పనల్లా ఆ చోటును మూసేయడమే. అంటే వెతుకుతున్న వస్తువునే వినపడకుండా చేసుకుని పొలమంతా తిరిగినట్టు.

దీన్నిబట్టి కొనేటప్పుడు మొదట అడగాల్సింది ‘ఆల్ మెటల్ మోడ్ ఉందా?’ అని. ఎప్పుడూ సన్నగా గుయ్‌మంటూ ఉండే త్రెషోల్డ్ శబ్దం అందులో ఉండాలి. బలహీన సంకేతం ఆ గుయ్‌మనే శబ్దంలో చిన్న ఉబ్బుగానే తెలుస్తుంది.

రెండోది గ్రౌండ్ బ్యాలెన్స్. దీన్ని చేత్తో తిప్పి సరిచేసే వీలుండాలి. నేలలో ఇనుప ఖనిజం ఉంటుంది, మిషన్ దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. నేలను మిషన్ తనంతట తానే సరిచేసుకునే ఆటోమేటిక్ ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే ఒకే చోట కాయిల్‌ను నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊపగానే కాండ్రైట్ సంకేతాన్ని కూడా నేల కింద జమకట్టి మింగేస్తుంది. అందుకని ట్రాకింగ్ ఆపేసి, లోహం లేని చోట కాయిల్‌ను నేలకు రెండు సెంటీమీటర్ల నుంచి ముప్పై దాకా ఎత్తి దించుతూ, శబ్దం మారకుండా ఉండేవరకు నాబ్ తిప్పాలి. ఎర్ర చెలక నుంచి నల్లరేగడిలోకి దిగితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. బొమ్మల్లాంటి చవక మిషన్లలో చాలావాటికి ఈ నాబే ఉండదు. ధర చూసే ముందు దాన్ని చూడండి.

మూడోది ఫ్రీక్వెన్సీ. నాణేల కోసం చేసిన మిషన్లు సాధారణంగా 5 నుంచి 15 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. చిన్న బంగారు రేణువుల కోసం చేసినవి అంతకంటే చాలా పైన ఉంటాయి. ఉల్కలు వెతికేవాళ్లు వాడే ఫిషర్ గోల్డ్ బగ్ 2 నడిచేది 71 కిలోహెర్ట్జ్‌లో. నిమ్మకాయంత రాళ్లకు ఈ రకమే నయం. దీనికో లోపం ఉంది: చౌడు నేలలో, వాన పడ్డ మర్నాడు ఇది ఊరికే అరుస్తుంది. బోరు మోటార్లకు వెళ్లే తీగల కింద ఏ మిషనైనా గోల చేస్తుంది. సున్నితత్వం కొంత తగ్గించి, తీగలకు దూరం జరగండి. జేబులో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

కాయిల్ 6 నుంచి 10 అంగుళాలు చాలు. పత్తి కట్టె పీకిన చేలో, దున్నిన చెలకలో చిన్న కాయిల్ నేలకు దగ్గరగా సాగుతుంది. ప్రతి ఊపూ ముందటి ఊపును సగం కప్పాలి.

‘మరి ప్రతి మేకూ తవ్వాలా?’ అంటే, తవ్వాలి. ఎడ్ల నాడాలు, నాగలి కర్రు ముక్కలు, ట్రాక్టర్ బోల్టులు, బీరు సీసా మూతలు అన్నీ పలుకుతాయి. ఆ శ్రమ తగ్గించుకోవాలంటే ఊరికి, షెడ్డుకు, బండిబాటకు దూరంగా వెతకాలి. ఇనుమును మ్యూట్ చేయడం దానికి దారి కాదు.

కొనేముందు దుకాణంలోనే పరీక్షించడానికి ఉల్క లేకపోయినా ఫరవాలేదు. లేత్ మిషన్ దగ్గర సన్నటి ఇనుప రజను తెచ్చుకోండి. చుట్టలు తిరిగిన పొట్టు వద్దు, అవి ఒకదానికొకటి తగిలి కరెంటు పారనిస్తాయి. ఎనిమిది గ్రాముల రజను, 92 గ్రాముల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి నిమ్మకాయంత ముద్ద చేస్తే ఎల్ రకానికి దగ్గరగా వస్తుంది. 18 గ్రాములకు 82 గ్రాములైతే హెచ్ రకానికి దగ్గర. ముద్దలు రెండూ బాగా ఆరాక 5, 10, 15 సెంటీమీటర్ల లోతులో పాతిపెట్టి మిషన్ నడపండి. ఎల్ ముద్దను 5 సెంటీమీటర్లలో కూడా పట్టలేని మిషన్ ఈ పనికి పనికిరాదు, దాని పెట్టె మీద ఏం రాసి ఉన్నా.

“పల్స్ ఇండక్షన్ పదడుగులు చూస్తుంది”

ఈ మిషన్ ఒక పల్స్ వదిలి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, లోహంలో ఇంకా తిరుగుతున్న కరెంటును వింటుంది. మిల్లీమీటరు లోపు రేణువులో ఆ కరెంటు అప్పటికే ఆరిపోతుంది. ఖనిజపు నేలను సులువుగా దాటడం దీని బలం. చిన్న కాండ్రైట్‌ను కూడా నేలలాగే దాటిపోవడం దీని బలహీనత. పెద్ద ఇనుప ఉల్కకు, లోహం అల్లుకున్న రాయికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. లోతు మాట ఎక్కడిదంటే, 2005లో అమెరికాలోని కాన్సాస్‌లో బ్రెనామ్ దగ్గర స్టీవ్ ఆర్నాల్డ్ దాదాపు 650 కిలోల పల్లసైట్‌ను (లోహంలో రాతి స్ఫటికాలు పొదిగిన ఉల్కను) రెండు మీటర్ల లోతు నుంచి తీశాడు. బండి మీద లాగే పెద్ద కాయిల్‌తో దొరికింది. వస్తువు అంత పెద్దది గనుక అంత లోతు. గుప్పెడు రాయికి ఆ లెక్క కట్టకూడదు. చేత్తో పట్టుకునే మిషన్‌కు నాణెమంత ముక్క దాదాపు కాయిల్ వెడల్పంత లోతులోనే వినపడుతుంది. యాంటెన్నా కడ్డీలు తిప్పి దూరం నుంచే చూపిస్తామనే పరికరాలది పచ్చి మోసం.

“అయస్కాంతానికి అంటిన నల్లరాయి ఉల్కే”

మన దక్షిణ తెలంగాణలో ఈ మాట ముఖ్యంగా తప్పు. గ్రానైటు నేలను కోసుకుంటూ డోలరైటు గోడలు పోతుంటాయి. ఆ నల్లరాయిలో మాగ్నెటైట్ ఉంటుంది, అయస్కాంతం లాగుతుంది, డిటెక్టరూ పలుకుతుంది. పాత కొలిమి దిబ్బల్లో దొరికే ఇనుపచిట్టెమూ అంతే. గుట్టల్లో దొరికే నునుపైన ‘పిడుగురాయి’ తరచూ కొత్తరాతియుగపు గొడ్డలి.

చిట్టెంలో గాలిబుడగల గుంటలుంటాయి, ఉల్కలో ఉండవు. గ్లేజు లేని పింగాణీ పలక వెనక గీస్తే మాగ్నెటైట్ నల్లగీత, హెమటైట్ ఎర్రగీత పెడతాయి, కొత్త ఉల్క గీత దాదాపు కనపడదు. పాత అనుమానపు రాయి అయితే ఒక మూలన అయిదు మిల్లీమీటర్ల వెడల్పున సానరాయి మీద అరగదీసి చూడండి. వెండిలా మెరిసే చుక్కలుంటే ముందుకు పోవచ్చు. నల్లరాయిలో లోహపు మెరుపు రాదు, తెల్లటి సన్న పలుకులే కనిపిస్తాయి. బలమైన నియోడైమియం అయస్కాంతాన్ని రాయికి ఆనించొద్దు. రాయిలో నిలిచిన పాత అయస్కాంత ముద్ర చెరిగిపోతుంది, శాస్త్రానికి అది తిరిగి రాదు. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి పక్కన వేలాడదీస్తే వంగుతుందో లేదో తెలుస్తుంది.

“అమ్ముకోవచ్చు”

దేశంలో పడిన ఉల్కలకు సంరక్షక సంస్థ భారత భూవిజ్ఞాన సర్వే. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్‌లో బండ్లగూడలో ఉంది. ‘కొంటాం’ అంటూ అడ్వాన్సు, పరీక్ష ఫీజు అడిగేవాళ్లు రైస్ పుల్లింగ్ మోసగాళ్ల దారిలోనే నడుస్తారు. డిటెక్టర్ పట్టుకుని తిరిగితే గుప్తనిధుల అనుమానమూ వస్తుంది. చేను యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. రక్షిత కట్టడాల దగ్గర తవ్వొద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి మిషన్‌తో అడుగు పెట్టొద్దు. పాత నాణేల కుండ తగిలితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి.

అగ్నిగోళం కనిపించి రాళ్లు పడ్డాయని నమ్మకంగా తెలిస్తే మొదటి వాన పడేలోపు వెతకడం ముఖ్యం, తేమ లోహాన్ని తినేస్తుంది. ముందు నలుగురు వరుసగా నడుస్తూ కళ్లతో వెతకండి, మెత్తటి దుక్కిలో రంధ్రం కనపడిన చోటే డిటెక్టర్ తీయండి. దొరికిన రాయిని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ రాసుకుని, ఉత్తచేతులతో తాకకుండా శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాలి. నీళ్లతో కడగొద్దు.